మొక్కకు మొదటి మూడేళ్లు

గుంతలో పెట్టి మట్టి కప్పిన రోజు నుంచి తల చిగురు పశువు నోటికి అందనంత ఎత్తుకు చేరే వరకు మొక్కకు గండం తప్పదు. వాన మీద ఆధారపడిన నేలల్లో ఈ గండం దాదాపు మూడేళ్లు, నీళ్లు అందే చోట రెండేళ్లు ఉంటుంది. ఈలోపు దాన్ని చంపేవి ప్రధానంగా రెండు: ఎండ, పశువు. ఇవి విడివిడిగా పనిచేయవు. ఆగస్టులో మేక కొరికిన మొక్క సెప్టెంబరులో మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురు కోసం వేరులో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తుంది. ఆకు తగ్గినందువల్ల కొత్తగా దాచుకునేదీ తగ్గుతుంది, వేరు లోతుకు దిగదు. మే నెలలో పైమట్టి ఎండిపోయేసరికి ఆ మొక్క తట్టుకోలేదు. రిజిస్టరులో ‘ఎండిపోయింది’ అని రాస్తారు. దాన్ని దెబ్బతీసింది తొమ్మిది నెలల కిందటి మేత అన్న సంగతి లెక్కలోకి రాదు. మొక్కల పెంపకంపై జరిగే చర్చ అంతా నీళ్ల ట్యాంకర్ల చుట్టూ తిరగడానికి ఇదొక కారణం.

1950 జులైలో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ చొరవతో వన మహోత్సవం మొదలైంది. అప్పటి నుంచి ప్రతి వానాకాలం మొక్కలు నాటే కార్యక్రమాలు సాగుతూనే ఉన్నాయి. 2015 జులై 3న చిలుకూరులో తెలంగాణకు హరితహారం ప్రారంభమైంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం వచ్చింది. అన్నింటిలోనూ ముందుగా ప్రకటించేది ఎన్ని కోట్ల మొక్కలు నాటుతారన్న సంఖ్యే. గుంత తవ్వడానికి, మొక్క తేవడానికి, నాటడానికి అయ్యే ఖర్చు కంటే ఆ మొక్కను మూడేళ్లు కాపాడే ఖర్చు చాలా ఎక్కువ. ఒక మంచి ఇనుప ట్రీ గార్డు ధరతో నర్సరీలో మొక్కలు ఎన్నో కొనవచ్చు. అందువల్ల డబ్బు పరిమితంగా ఉన్న చోట సంఖ్య పెరిగితే కాపలా తగ్గుతుంది. కాపలా ఖర్చును నాటే ఖర్చులో కలిపి లెక్కకట్టాకే ఎన్ని మొక్కలు నాటాలన్నది తేల్చుకోవాలి. ఆ కాపలాలో ఊరి పశువుల కాపరికి చోటు లేకపోతే ఏ కంచె అయినా ఎక్కువ కాలం నిలవదు.

ముందు నష్టం ఎలా జరుగుతుందో చూడాలి. మొక్క పైకి పెరగాలా, పక్కలకు విస్తరించాలా అన్నది తల చిగురు నిర్ణయిస్తుంది. అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. తల చిగురు పోయిన వెంటనే పక్క మొగ్గలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మొక్క పొదలా మారుతుంది. పొద మళ్లీ పశువు నోటి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి మళ్లీ మేతకు గురవుతుంది. బంజరు భూముల్లో ఏళ్ల తరబడి మోకాలెత్తు దాటని వేప, చింత గుబురులు కనిపిస్తాయి. వాటికి వయసు ఉంటుంది, ఎత్తు ఉండదు.

ఆకు పోతే మొక్క తిరిగి తెచ్చుకోగలదు. బెరడు పోతే అది కష్టం. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరేది బెరడు లోపలి పొర గుండానే. కాండం చుట్టూ ఒక వలయంలా బెరడు ఊడిపోతే ఆ దారి పూర్తిగా తెగిపోతుంది. పైన ఆకులు కొన్ని వారాలు పచ్చగానే ఉంటాయి, కింద వేళ్లు ఆకలితో చచ్చిపోతుంటాయి. మూడో రకం నష్టం ఒరుసుకోవడం వల్ల వస్తుంది. గేదెలు, ఎద్దులు దురద తీర్చుకోవడానికి మొక్కకు, దాని ఊతకర్రకు, చివరికి ట్రీ గార్డుకు కూడా ఒళ్లు రుద్దుతాయి. వేళ్లు ఇంకా మట్టిని పట్టుకోని మొక్క దీనితో మొదలంటా కదిలిపోతుంది. తొక్కిడి వల్ల పాదు మట్టి గట్టిపడి నీరు ఇంకకపోవడం నాలుగోది. ఇది కంటికి ఆనదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఏ జంతువు తిన్నదో తెలియకుండా కంచె ఎంచుకోవడం దండగ. కొరికిన చోటును దగ్గరగా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పశువులకు, మేకలకు, గొర్రెలకు, జింకలకు పైదవడ ముందు పళ్లు ఉండవు. అక్కడ గట్టి పంటి చిగురు మాత్రమే ఉంటుంది. కింది పళ్లతో పట్టి లాగి తెంపుతాయి కాబట్టి కొమ్మ చివర నారలు నారలుగా చిరిగి ఉంటుంది. ఆవు, గేదె నాలుకతో చుట్టి గుంజుతాయి. కొత్తగా నాటిన మొక్క కొన్నిసార్లు మట్టిగడ్డతో సహా పైకి వచ్చేస్తుంది. కుందేలుకు పైనా కిందా పదునైన ముందు పళ్లు ఉంటాయి. అది కొరికిన కొమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది, కోత రెండడుగుల లోపు ఎత్తులోనే ఉంటుంది. ఎలుక, పందికొక్కు కాండం మొదలు దగ్గర చిన్న చిన్న పళ్ల గాట్లు పెడతాయి. ఏదుపంది గాట్లు వెడల్పుగా, మొదలు దగ్గర, ఒక్కోసారి మట్టి తవ్వి వేరు మీద కూడా ఉంటాయి.

పెంపుడు జంతువుల్లో మొక్కకు ఎక్కువ ప్రమాదం మేకతోనే. గొర్రె ప్రధానంగా గడ్డి మేస్తుంది, తల దించుకునే తింటుంది. మేక ఆకుమేతను ఇష్టపడుతుంది. వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు కాండానికి ఆనించి, ఐదారడుగుల ఎత్తు కొమ్మను అందుకుంటుంది. కదిలే పైపెదవితో ముళ్ల మధ్య నుంచి ఒక్కొక్క ఆకునే ఏరుకుంటుంది. సన్నని మొక్క దాని బరువుకు వంగి విరుగుతుంది. కరువు ప్రాంతంలో పేదింటి ఆడవాళ్ల చేతిలో రెండు మూడు మేకలు ఉండటానికి కారణమూ ఈ లక్షణమే. ఎక్కడా పచ్చిక లేని రోజుల్లో కూడా అది బతకగలదు, పాలిస్తుంది, అవసరానికి అమ్ముడుపోతుంది. మొక్కలకు శత్రువు అంటూ మేకను ఊరి నుంచి వెళ్లగొట్టాలనే వాదన ఆ ఇంటి ఆదాయాన్ని చూడని వాదన.

అడవి అంచు గ్రామాల్లో జాబితా మారుతుంది. నల్లమల చుట్టుపక్కల చుక్కల దుప్పులు, కణుజులు చిగుళ్లు తినడంతో పాటు మగవి కొమ్ములను లేత కాండాలకు రాపాడిస్తాయి. కోతులు తినేదానికంటే పీకి పారేసేది ఎక్కువ. వాటిని ఏ కంచే ఆపదు. ఆయిల్‌పామ్, కొబ్బరి తోటల్లో మొదటి రెండేళ్లు అడవి పంది, ఏదుపంది, పందికొక్కు కలిసి దెబ్బతీస్తాయి. తాటి జాతి చెట్లకు పెరిగే మొగ్గ ఒక్కటే, అదే మొవ్వు. వేప మొక్క తల తెగితే పక్క కొమ్మ వస్తుంది, ఆయిల్‌పామ్ మొక్క మొవ్వు పోతే ఇక ఏమీ రాదు. 2021లో కేంద్రం జాతీయ వంటనూనెల మిషన్ ప్రకటించాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆయిల్‌పామ్ విస్తీర్ణం పెరుగుతోంది. కొత్తగా ఈ పంటలోకి వచ్చే రైతు మొక్క చుట్టూ ఇనుప జాలీకి అయ్యే ఖర్చును మొదటి రోజే లెక్క వేసుకోవాలి. జాలీ అడుగు భాగం జానెడు లోతున మట్టిలోకి దిగకపోతే పందికొక్కు, ఏదుపంది కింది నుంచి తవ్వుకుని వస్తాయి.

తీరంలో సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. గోదావరి, కృష్ణా ముఖద్వారాల మడ అడవుల్లో తెల్ల మడ ఆకును గేదెలు, ఆవులు ఇష్టంగా మేస్తాయి. కొత్తగా నాటిన చోట వాటి గిట్టల తొక్కిడికి బురదలో మొలకలు కూరుకుపోతాయి. పీతలు మడ మొలకలను కొరికేస్తాయి. అలలు, బురద ఉన్న ఆ నేలలో ఏ ట్రీ గార్డూ నిలవదు. మొలకలను మరికొంత ముదిరే దాకా నర్సరీలో ఉంచి నాటడం, పశువులు వచ్చే దారులను కట్టడి చేయడం తప్ప వేరే మార్గం పెద్దగా లేదు.

ఎప్పుడు ఏ పశువు ఎక్కడ మేస్తుందన్న ప్రశ్నకు దొరకాల్సినంత శ్రద్ధ దొరకలేదు. తొలకరి పడి విత్తనాలు వేశాక ఊరి చేలన్నీ మూతపడతాయి. జూన్ నుంచి కోతల దాకా పంట ఉన్న పొలంలోకి జీవాలను రానివ్వరు. అప్పటిదాకా బీళ్లలో, కొయ్యకాళ్లలో తిరిగిన మందలకు మిగిలేవి రోడ్ల పక్క జాగా, చెరువు శిఖం, కాలువ గట్లు, గుట్టలు, బడి ఆవరణలు. మొక్కలు నాటేదీ ఆ నెలల్లోనే, ఆ జాగాల్లోనే. కాపరి మందను కావాలని మొక్కల మీదికి తోలనక్కర్లేదు. పంచాంగమే తోలుతుంది. కోతలయ్యాక డిసెంబరు నుంచి పొలాలు తెరుచుకుంటాయి, ఒత్తిడి కాస్త తగ్గుతుంది. మళ్లీ మార్చి వచ్చేసరికి కొయ్యకాళ్లు అయిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఊరంతటికీ పచ్చగా కనిపించేది ట్యాంకరుతో నీళ్లు పోసి బతికిస్తున్న మొక్కే. పాలమూరు, అనంతపురం, ప్రకాశం ప్రాంతాల కాపరులు పచ్చిక వెతుక్కుంటూ మందలతో దూర ప్రాంతాలకు వలస వెళ్తారు. దారి పొడవునా రోడ్డు పక్క మొక్కలే వాటికి ఎదురవుతాయి. అంటే ఏడాదికి రెండు గట్టి గండాలు: నాటిన మొదటి మూడు నెలలు, ఆ తర్వాత వచ్చే వేసవి. కాపలా కూలీని ఏడాది పొడవునా పెట్టలేని పంచాయతీ కనీసం ఈ రెండు కాలాల్లో అయినా పెట్టుకోవాలి. ఆచరణలో మాత్రం నాటే పండగ అయిపోగానే మనుషులు తప్పుకుంటారు.

దీనికి విధానాల మధ్య పొంతన లేకపోవడం తోడైంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చే పథకం మొదలుపెట్టింది. 2012లో తెలంగాణ ప్రాంతంలో సుమారు 1.28 కోట్లు ఉన్న గొర్రెలు 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్లకు చేరాయి, దేశంలోనే మొదటి స్థానం. దాదాపు 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. అదే సంవత్సరాల్లో బంజర్లు, గైరాన్లు (ఊరి ఉమ్మడి మేత భూములు), శిఖం భూముల్లో మొక్కలు నాటారు, ఆ తర్వాత పల్లె ప్రకృతి వనాలు వేశారు, మిగిలిన వాటిలో కొంత ఇళ్ల స్థలాలకు, పరిశ్రమలకు పోయింది. మందను పెంచుకోమన్న శాఖ వేరు, మేత జాగాలో మొక్కలు నాటిన శాఖ వేరు. రెండు పథకాలూ మంచి ఉద్దేశంతోనే వచ్చాయి. పెరిగిన మంద ఎక్కడ మేయాలన్నది ఏ పథకం కాగితంలోనూ సరిగా లేదు. ఆ భారం చివరికి కాపరి మీద, మొక్క మీద పడింది.

చట్టం ఈ తగవును నేరంగా చూస్తుంది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం పంటను, తోటను పాడుచేసిన పశువును పట్టి 24 గంటల్లోగా బందెలదొడ్డికి పంపవచ్చు. రోడ్లు, కాలువ గట్లను పాడుచేసే పశువులకూ ఇది వర్తిస్తుంది. ఆ చట్టంలో పశువు అన్న నిర్వచనం కిందికి గొర్రె, మేక, వాటి పిల్లలు కూడా వస్తాయి. ఒకప్పుడు ప్రతి పెద్ద ఊళ్లో ఉన్న బందెలదొడ్లు చాలా చోట్ల పాడుబడ్డాయి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి, పంచాయతీ కార్యదర్శుల మీద పెట్టింది, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. మొక్క బతకడాన్ని చట్టంలో రాయడం నిస్సందేహంగా ముందడుగు. కానీ మొక్కలు బతకకపోతే పదవి పోతుందన్న భయం చాలా ఊళ్లలో జరిమానాల రూపంలో కిందికి దిగింది. 2019లో హుజూరాబాద్‌లో మొక్కలు తిన్నాయన్న ఫిర్యాదు మీద రెండు మేకలను పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్లారు, యజమానికి జరిమానా పడింది. ఆ రోజు ఆ మేకలు మేయడానికి వేరే జాగా ఉందా అని అడగకుండా వేసే జరిమానా ఒక పేద కుటుంబానికి వారం కూలిని పోగొడుతుంది. అదే మేక మర్నాడు అదే దారిన వెళ్తుంది.

ఇక కంచెల సంగతి. విడి మొక్కలకు, అంటే రోడ్డు పక్క, వీధుల్లో, బడుల్లో నాటినవాటికి ట్రీ గార్డు తప్పదు. గార్డు ఐదారడుగుల ఎత్తు, కనీసం రెండడుగుల వెడల్పు ఉండాలి. ఇరుకైన గార్డులో మొక్క గాలికి ఊగినప్పుడల్లా అంచులకు ఒరుసుకుని బెరడు పోగొట్టుకుంటుంది, పక్క కొమ్మలు బయటికి పొడుచుకొచ్చి మేకకు దొరుకుతాయి. గార్డు కాళ్లు అడుగు లోతున పాతకపోతే గేదె ఒరుసుకున్న మొదటి రోజే అది మొక్క మీదే పడుతుంది. గార్డు ఉందని ఊతకర్ర మానేయకూడదు. కర్రను గాలి వచ్చే వైపు పాతాలి. పురికొసను కర్రకు ఒక చుట్టు, మొక్కకు ఒక వదులు చుట్టు వేసి మధ్యలో మెలిక పెట్టాలి. ఇనుప తీగతో బిగించి కడితే ఏడాది తిరిగేసరికి కాండంలోకి కోసుకుపోతుంది, పశువు చేయాల్సిన పని తీగ చేస్తుంది. ఇనుప గార్డుకు దొంగల బెడద ఉంది. వెదురు బుట్ట గార్డు చవక, ఎవరూ ఎత్తుకుపోరు, మేదరి కుటుంబాలకు పని దొరుకుతుంది. చెదలు పట్టకుండా కాళ్లకు తారు పూస్తే రెండు వేసవులు ఆగుతుంది, మొక్కకు కావాల్సింది దాదాపు అంతే. ఆకుపచ్చ వల చుట్టడం ఇటీవల ఎక్కువైంది. అది ఎండను ఆపినంతగా మేకను ఆపదు. వల మీది నుంచే మేక మూతి లోపలికి నొక్కి తింటుంది.

వేలాది ఊళ్లలో ఇప్పటికీ ఎక్కువగా వాడేది ముళ్లకంపే. సర్కారు తుమ్మ ఎక్కడపడితే అక్కడ పెరుగుతుంది, కొట్టి తెస్తే ఖర్చు కూలి మాత్రమే. కంపను మొక్క చుట్టూ ఊరికే పడేస్తే గాలికి జరిగిపోతుంది. మొదళ్లు లోపలికి, ముళ్ల చివరలు బయటికి ఉండేలా చుట్టూ పేర్చి, నాలుగు గుంజలు పాతి, రెండు చోట్ల తాడుతో బిగించాలి. దీని లోపం ఏమిటంటే ఆరు నెలల్లో ఎండి, చెదలు పట్టి కుంగిపోతుంది. సరిగ్గా మార్చిలో, రెండో గండం మొదలయ్యేటప్పుడు. అందువల్ల సంక్రాంతి దాటగానే కొత్త కంప వేయడాన్ని పనుల జాబితాలో చేర్చుకోవాలి. ఉపాధి హామీ పథకం కింద మొక్కల సంరక్షణకు కూలి చెల్లించే వీలుంది కాబట్టి డబ్బు సాకు కాదు.

మొక్కలు ఒకే చోట ఎకరాల కొద్దీ ఉంటే ఒక్కొక్క దానికి గార్డు పెట్టడం అసాధ్యం. అక్కడ చుట్టుకంచెలు కావాలి. అటవీ శాఖ ఎక్కువగా తవ్వించేది పశువులు దాటలేని కందకం: పైన సుమారు మీటరున్నర వెడల్పు, మీటరు లోతు. తవ్విన మట్టిని లోపలి వైపు కట్టగా పోసి దాని మీద కిత్తనార నాటుతారు. వాన నీరు కందకంలో నిలిచి ఇంకడం అదనపు లాభం. ఎర్రనేలల్లో ఇది బాగా పనిచేస్తుంది. నల్లరేగడిలో గోడలు విరిగి పూడిపోతాయి, రాతి నేలలో తవ్వడమే కుదరదు, ఇసుకలో నిలవదు. మేక మాత్రం కందకం ఎక్కడ కాస్త పూడినా అక్కడి నుంచే దిగి ఎక్కుతుంది, కాబట్టి ప్రతి వానాకాలం తర్వాత చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవాలి.

జీవకంచె వీటన్నింటి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ రెండు మూడేళ్ల ముందు నుంచే ఆలోచించాలి. గచ్చ, వాక, సీమచింత, కిత్తనార, జెముడు తెలుగు పల్లెల్లో ఎప్పటి నుంచో కంచెలకు వాడుకలో ఉన్నాయి. గచ్చపొద బాగా అల్లుకుంటే మనిషి కూడా దూరలేడు. వాక కాయ పచ్చడికి వస్తుంది, సీమచింత కాయ పిల్లలు తింటారు. సీమచింతను దగ్గర దగ్గరగా వేసి ఏటా కత్తిరిస్తేనే గోడలా అల్లుకుంటుంది, వదిలేస్తే చెట్టవుతుంది, కింద సందులు పడతాయి. జీవకంచెలో మొదటి ఏడాది కంచెనే కాపాడాల్సి వస్తుంది, కొత్తగా నాటే కార్యక్రమాలు దాన్ని వదిలేయడానికి కారణం ఈ ఓపిక లేకపోవడమే.

కంచె లేకుండా తప్పించుకునే దారి ఒకటి ఉంది: పశువు ముట్టని జాతిని నాటడం. కానుగ, గన్నేరు, ఏడాకుల అరటి, టేకు, జామాయిలును పశువులు మేయవు, లేదా అంతగా ఇష్టపడవు. రోడ్ల పక్క కానుగ అంత ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం, అది మంచి ఎంపిక కూడా. కానీ పశువు తిననిదే ప్రమాణంగా పెట్టుకుంటే ఊరి పచ్చదనం నాలుగైదు జాతులకు కుదించుకుపోతుంది. ఏ పశువూ ముట్టదని, త్వరగా పెరుగుతుందని నగరాల్లో, హైవేల మధ్యలో విరివిగా నాటిన కోనోకార్పస్‌ను తర్వాత ఇక నాటవద్దని ప్రభుత్వాలే చెప్పాల్సి వచ్చింది. మేకలకు ఇష్టమైన రావి, మర్రి, మేడి, రేగు, చింత మీదే పక్షులు బతుకుతాయి. వాటిని కాపాడి పెంచడమే కష్టమైన పని, చేయదగ్గ పని కూడా అదే.

వాటి విషయంలో మొక్క ఎత్తు పెంచడం ఒక ఉపాయం. అడుగు ఎత్తు సంచి మొక్కను నాటితే మూడేళ్లు కాపలా కావాలి. నర్సరీలో పెద్ద సంచిలోకి మార్చి ఆరేడు అడుగులు పెంచిన మొక్కను నాటితే తల చిగురు మొదటి రోజే మేకకు అందదు, కాండానికి మాత్రమే రక్షణ చాలు. పెద్ద మొక్క ఖరీదెక్కువ, రవాణా కష్టం, మొదటి వేసవిలో నీళ్లు ఎక్కువ కావాలి. అయినా పది చిన్న మొక్కలు నాటి ఎనిమిది పోగొట్టుకోవడం కంటే రెండు పెద్దవి నాటి రెండూ నిలుపుకోవడం మేలు. మర్రి, గంగరావి వంటి వాటికి నర్సరీ కూడా అక్కర్లేదు. తొలకరికి ముందు మణికట్టంత లావు, ఎనిమిదడుగుల పొడవు కొమ్మను నరికి, రెండడుగుల లోతున పాతి, పై కోతకు పేడ ముద్ద పెడితే వానలకు వేళ్లూనుతుంది. చిగుళ్లు పశువుకు అందని ఎత్తులోనే పుడతాయి. చెరువు గట్ల మీద, రచ్చబండల దగ్గర మర్రి నాటే పాత పద్ధతి ఇదే. కోట్ల సంచుల లెక్కల్లో దీన్ని పక్కన పెట్టారు.

పేడ నీళ్లు చల్లడం మరో పాత పద్ధతి. పేడ వాసన ఉన్న ఆకును పశువు ముట్టదు. పల్చగా కలిపి ఆకుల మీద, కాండం మీద చల్లితే కొన్నాళ్లు రక్షణ ఉంటుంది. వాన పడితే కొట్టుకుపోతుంది. పైగా చల్లిన తర్వాత పుట్టిన చిగురు మీద పేడ ఉండదు, పశువుకు కావాల్సింది ఆ చిగురే. కుళ్లిన కోడిగుడ్ల ద్రావణం, వేపనూనె జింకలకు, అడవి పందులకు కొంత పనిచేస్తాయి. వీటిని కంచెకు తోడుగా వాడాలి, కంచెకు బదులుగా కాదు. తోట చుట్టూ కరెంటు తీగ పెట్టే పద్ధతి మాత్రం ఏ పరిస్థితుల్లోనూ సమర్థించరానిది. లైను నుంచి నేరుగా తీసిన కరెంటుకు అడవి పందులతో పాటు పక్క పొలం రైతులు, కూలీలు, కాపరులు ప్రాణాలు కోల్పోతున్నారు. అది నేరం. క్షణకాలం మాత్రమే షాక్ ఇచ్చి వదిలే సోలార్ ఫెన్సింగ్ వేరు. ఆయిల్‌పామ్ రైతులకు ప్రభుత్వ సాయం పెరగాల్సింది దానికే.

అన్ని కంచెల కంటే చవకైనది ఊరి ఒప్పందం. దీనికి దేశంలో ఎక్కువగా ఉదహరించేది హరియాణాలోని సుఖోమాజ్రీ. చండీగఢ్ సుఖ్నా సరస్సు పూడికను ఆపడానికి 1970ల చివర్లో అక్కడ శివాలిక్ కొండల మీద మట్టి ఆనకట్టలు కట్టారు. ఆ నీటిలో అన్ని ఇళ్లకూ వాటా దక్కింది. బదులుగా ఊరివాళ్లు కొండ మీద మేపడం మానుకున్నారు. మేకలు తగ్గి గేదెలు పెరిగాయి, గడ్డి కోసుకుని ఇంటి దగ్గర వేయడం మొదలైంది. ముళ్లతీగ లేకుండానే కొండ పచ్చబడింది. అనంతపురం కరువు నేలలో తింబక్తు కలెక్టివ్ 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్లతో కలిసి కల్పవల్లి గుట్టలను కాపాడుకొచ్చింది. అక్కడ కొత్తగా నాటిన వాటికంటే మంటలను, విచ్చలవిడి మేతను ఆపినందువల్ల వాటంతటవే లేచిన చెట్లు ఎక్కువ. ఆ ఊళ్ల కాపరులకు మేత జాగా పూర్తిగా మూసుకుపోలేదు. అదే కాలంలో ఉమ్మడి రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు పనిచేశాయి. మేకల మీద పూర్తి నిషేధం పెట్టి వేరే మేత చూపని చోట్ల నష్టపోయింది పేదవాళ్లే, ఆ నిషేధం నిలిచిన చోట్లూ తక్కువే.

ఈ అనుభవాల నుంచి పంచాయతీ చేయగల పనులు కొన్ని తేలుతున్నాయి. గుంతలు తవ్వకముందే ఊరి కాపరులను పిలిచి మంద ఏ దారిన, ఏ నెలలో తిరుగుతుందో అడిగి తెలుసుకోవాలి. ఆ దారి వదిలి నాటాలి, తప్పనప్పుడు అక్కడికే గార్డులు ముందుగా పంపాలి. ఊరి బంజరు మొత్తాన్ని ఒకేసారి మూసేయకుండా మూడో వంతు చొప్పున మూడేళ్లు మూసి, మొక్క ఎదిగాక తెరిచి తర్వాతి భాగాన్ని మూయాలి. మూసిన జాగాలో పెరిగే గడ్డిని కోసుకెళ్లే హక్కు జీవాలున్న ఇళ్లకే ఇవ్వాలి. కాపలా కూలి పనిని కాపరి కుటుంబాల్లోని వారికి ఇవ్వడం అన్నింటికంటే ఫలితం ఇచ్చే పని. ఏ మంద ఎవరిదో, ఏ మేక కందకం దూకుతుందో వాళ్లకు తెలిసినంత బయటివాళ్లకు తెలియదు. శాఖలు కలిసి చేయాల్సింది ఇంకోటి ఉంది. గొర్రెల యూనిట్ ఇచ్చేటప్పుడే ఆ ఊళ్లో ఎంత మేత జాగా ఉంది, చెరువు గట్ల మీద అవిశ, సుబాబుల్ వంటి ఆకుమేత చెట్లు ఎన్ని పెంచగలరు అని చూడాలి.

దెబ్బతిన్న మొక్కను పీకేసి కొత్తది నాటడం చాలా చోట్ల ఆనవాయితీ. చాలాసార్లు అది తప్పు. రెండు వానలు చూసిన మొక్క వేరు లోతుకు దిగి ఉంటుంది. వేప, కానుగ, చింత, టేకు లాంటివి మొదలు దగ్గర కోస్తే మళ్లీ బలంగా చిగురిస్తాయి. టేకును నాటేదే స్టంపు రూపంలో, ఆకు లేకుండా. పశువు మేసి గుబురుగా మార్చిన మొక్కను తొలకరికి ముందు నేల నుంచి బెత్తెడు ఎత్తులో పదునైన కత్తితో ఒక్క వేటుకు కోసి, వచ్చిన పిలకల్లో నిటారుగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయాలి. ఒకే వానాకాలంలో అది కొత్త మొక్క రెండేళ్లలో ఎదగనంత ఎదుగుతుంది. గార్డు మాత్రం ఆ రోజే పెట్టాలి. బెరడు సగం వరకే పోయిన మొక్కకు గాయం అంచులు శుభ్రం చేసి మట్టి, పేడ కలిపి పూస్తే తడి ఆరకుండా ఉంటుంది, మానడానికి అవకాశం ఉంటుంది. చుట్టూ పూర్తిగా పోతే గాయం కింద కోసి పిలక కోసం చూడాలి.

తల చిగురు ఆరడుగులు దాటి, కాండం మణికట్టంత లావయ్యాక గార్డు తీసేయవచ్చు. ఆలస్యం చేస్తే కాండం ఇనుప కడ్డీలను మింగుతూ పెరుగుతుంది, నగర వీధుల్లో అలాంటి చెట్లు ప్రతి పేటలోనూ కనిపిస్తాయి. తీసిన గార్డు తర్వాతి ఏడాది మొక్కకు పనికొస్తుంది, మూడు నాలుగు మొక్కలకు మారితే దాని ఖరీదు అంత భారంగా ఉండదు. గార్డు తీశాక మరో ఏడాది పాటు మొదలు చుట్టూ ముళ్లకంప ఉంచితే గేదెలు ఒరుసుకోవు. కింది కొమ్మలను ఒకేసారి నరికేయకూడదు, కాండం లావెక్కడానికి అవి కావాలి. మొక్కలు బతికిన శాతాన్ని ఇప్పుడు నాటిన కొద్ది నెలలకే లెక్కిస్తున్నారు. రెండో వేసవి దాటాక, ఎత్తుతో సహా కొలిచి లెక్కించాలి. మోకాలెత్తున గుబురుగా మిగిలిన మొక్కను బతికినవాటిలో కాకుండా మేతకు పోయినవాటిలో రాస్తే, మరుసటి వానాకాలానికి గుంతలెన్ని, గార్డులెన్ని కావాలో పంచాయతీకి సరిగా తెలుస్తుంది.